బ్రహ్మస్థానంలో సున్నా

మా బడి తెనాలిలో ఉంది. పేరు చెప్పను. చెబితే దాని కింద మా కరస్పాండెంటు గారి ఫోటో కూడా వెయ్యాలి. ఆయన ఫోటో లేకుండా ఆ పేరు ఎక్కడా కనపడటానికి వీల్లేదు. నేనక్కడ తెలుగు మాస్టారిని, రంగనాయకులు అంటారు. ఇంగ్లీషు మీడియం బళ్ళో తెలుగు మాస్టారంటే పెళ్ళిలో మూడో పురోహితుడు. ఉండాలి గానీ ఏం చేస్తున్నాడని ఎవరూ అడగరు. అందుకని నాకు చుట్టూ జరిగేది చూడటానికి బోలెడు తీరిక.

కరస్పాండెంటు బసవేశ్వరరావు గారు అంతకుముందు రైసుమిల్లు నడిపారు. మిల్లులో ధాన్యం పోస్తే బియ్యం వచ్చినట్టు, బళ్ళో పిల్లల్ని పోస్తే ర్యాంకులు వస్తాయని ఆయన నమ్మకం. తవుడు ఎటు పోతుందన్నది ఆయన ఆలోచించలేదు. మనిషి మంచివాడే. ఏటా చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఒక పేదపిల్లని ఉచితంగా చేర్చుకుంటారు. చేర్చుకున్నట్టు గేటుకి ఫ్లెక్సీ కడతారు. అందులో ఆయన నిలువెత్తున ఉంటారు, పిల్ల ఆయన మోకాలి దగ్గర తపాలాబిళ్ళంత ఉంటుంది.

ఆ ఏడాది తపాలాబిళ్ళ రూబీ. భట్టిప్రోలు పిల్ల, ఆరో తరగతి. తండ్రి చిన్నయ్య పొలం పనులకి వెళ్తాడు. రూబీ రోజూ రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలి వస్తుంది. అదే బండిలో మా లెక్కల టీచరు సరోజ రేపల్లె నుంచి వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళకి దిగులు లేదు. సరోజకి లెక్కలంటే పిచ్చి. ప్రైవేటు బళ్ళో అది పెద్ద జబ్బు కింద లెక్క.

జూన్‌లో ఆమె ఆరో తరగతి పిల్లల్ని మూడులోంచి అయిదు తియ్యమంది. సగం మంది "పోదండి" అన్నారు. మిగతా సగం రెండని రాశారు. వాళ్ళ తప్పేం లేదు. ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నదే తియ్యాలని అయిదో తరగతి దాకా వాళ్ళ బుర్రలోకి ఎక్కించింది మనమే. ఇప్పుడు ఉన్నట్టుండి సున్నాకి అవతల కూడా అంకెలున్నాయని సరోజ అనేసరికి, "మరి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి మేడం" అని దీపక్ అడిగాడు. దీపక్ కరస్పాండెంటు గారి మనవడు. వాడు అడిగిన ప్రశ్నల్లో అర్థమున్నది అదొక్కటే.

సరోజ ఒక ఉపాయం చెప్పింది. వరండా నేలమీద ఈ చివరనుంచి ఆ చివరకి గళ్ళు గీయించి అంకెలు వేయిద్దామంది. నడుమ సున్నా, ఒక పక్క ఒకటి, రెండు, మూడు, ఇంకో పక్క మైనస్ ఒకటి, మైనస్ రెండు, అలా పది దాకా. పిల్లలు వాటిమీద నడుస్తారు. కలిపితే అటు, తీసేస్తే ఇటు. మూడు మీద నిలబడి అయిదడుగులు ఇటు వేస్తే ఎక్కడ తేలతారో అదే జవాబు. "కాళ్ళకి తెలిస్తే తలకి అదే ఎక్కుద్దండి" అంది.

ఆమెకి ఇంకో తొందర కూడా ఉంది. బాపట్లలో ఒక ట్రస్టు వాళ్ళు ఏటా లెక్కల పోటీ పెడతారు. బడికి ఒక్కరే. గెలిచిన పిల్లకి పదో తరగతి దాకా చదువు ఖర్చంతా వాళ్ళదే. రూబీకి మా బళ్ళో ఉచితం ఆ ఒక్క ఏడాదికే. పై ఏడు ఫ్లెక్సీకి కొత్త తపాలాబిళ్ళ కావాలి కదా. సరోజ వెళ్ళి రూబీని పంపిద్దామని అడిగింది.

"మా దీపక్ వెళ్తాడమ్మా" అన్నారు బసవేశ్వరరావు గారు. "బడి పరువు విషయం."

రెండులోంచి అయిదు తీస్తే మూడని చెప్పేవాడి చేతిలో బడి పరువు పెట్టి ఆయన నిశ్చింతగా కాఫీ తాగారు. వరండా గీతకి మాత్రం ఒప్పుకున్నారు. కానీ మా బళ్ళో దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు. పూజారి అంటే వాస్తు శివరామయ్య గారు. ఆయన మాట మీద ఒకసారి లైబ్రరీ తలుపు మూసి గోడ కట్టారు. ఇంకోవైపు తలుపు పెట్టటం మర్చిపోయారు. పుస్తకాలు ఇప్పటికీ లోపలే భద్రంగా ఉన్నాయి.

శివరామయ్య గారు దిక్సూచి పట్టుకుని వరండా అంతా తిరిగారు. "తూర్పున మైనస్సులేంటమ్మా? తూర్పు తగ్గితే యజమాని తగ్గుతాడు" అన్నారు.

"అయితే పడమర వేయిస్తానండి. పిల్లలు ఇటు తిరిగి నిలబడతారు, అంతేగా" అంది సరోజ. ఆ లెక్కన మైనస్ పది మరుగుదొడ్ల దగ్గర, ప్లస్ పది కరస్పాండెంటు గారి గది గుమ్మంలో పడ్డాయి. అందరికీ న్యాయంగానే తోచింది.

"మరి నడిమధ్యలో ఏం వేస్తారు?"

"సున్నా అండి."

ఆయన నా తరగతి గది ముందు ఆగిపోయారు. "ఇది భవనానికి నడిబొడ్డు. బ్రహ్మస్థానం. ఇక్కడ శూన్యం రాస్తారా?"

"బ్రహ్మస్థానం ఖాళీగా ఉండాలని మీరే అంటారు కదండీ. సున్నా అంటే ఖాళీయేగా."

"ఖాళీగా ఉండటం వేరమ్మా, ఖాళీ అని రాసిపెట్టుకోవటం వేరు" అన్నారు శివరామయ్య గారు.

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. ఆయనన్నది పచ్చి నిజం. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. వెళ్ళేవాడు వెళ్తాననడు, వస్తానంటాడు. లేదు అన్న మాట నోటితో అనటానికే జంకే జనం, దాన్ని పెయింటుతో నేలమీద రాసుకుంటారా?

పెయింటరు జ్ఞానానందం శివరామయ్య గారు చెప్పినట్టే వేశాడు. అటు గళ్ళు, ఇటు గళ్ళు, నడుమ ఒక బండ బోసిగా వదిలేశాడు. గడి లేని చోట ఎవరూ అడుగు పెట్టరు కాబట్టి పిల్లలు ఒకటి మీంచి ఒక్క గెంతులో మైనస్ ఒకటి మీదికి దూకారు. మూడు మీద నిలబడి అయిదడుగులు వెయ్యమంటే రెండు, ఒకటి, మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు అని చక్కగా లెక్కపెట్టి మైనస్ మూడు మీద ఆగారు. ఆగాల్సింది మైనస్ రెండు మీద. తరగతి మొత్తం ఒకే తప్పు చేసింది. అంత క్రమశిక్షణ మా బళ్ళో ఎప్పుడూ చూడలేదు.

ఇంటిదగ్గర దీపక్ పళ్ళెంలో రెండు సున్నుండలూ తినేసి, "రెండులోంచి రెండు పోతే మైనస్ ఒకటి నాయనమ్మా" అన్నాడట. వాళ్ళ నాయనమ్మ ప్రమీలారాణి గారు ఇంకో సున్నుండ వేసి, మనవడి తెలివి పది మందికి ఫోన్ చేసి చెప్పారు.

సరోజ కరస్పాండెంటు గారి దగ్గరికి పరిగెత్తింది. సున్నా లేకపోతే ప్రతి లెక్కా ఒకటి తప్పుతుందని చెప్పింది.

"ఒకటేగా అమ్మా తేడా, సర్దుకోండి. మిల్లులో బస్తాకి అంతకంటే ఎక్కువే పోయేది" అన్నారాయన. "అయినా క్రీస్తు పూర్వానికీ క్రీస్తు శకానికీ మధ్య సున్నా ఏడాది లేదంటగా, సోషల్ మాస్టారు చెప్పారు. మీవాళ్ళకి లేని సున్నా మాకెందుకు?"

సరోజది రేపల్లెలో పాత లూథరన్ కుటుంబం. లేచొచ్చి వరండా మెట్లమీద కూచుంది. నన్ను చూసి తలెత్తి, "రాయకూడదన్నారు గానీ నిలబడకూడదనలేదు కదండీ మాస్టారూ" అంది.

మర్నాటినుంచి రోల్ నంబరు ప్రకారం ఒక్కో పిల్లవాణ్ణి ఆ బోసి బండమీద నిలబెట్టింది. ఆ మనిషే సున్నా. అటునుంచి ఇటొచ్చేవాళ్ళు అక్కడ ఒక అడుగు వేసి, ఆ పిల్లవాడి చెయ్యి తాకి, అప్పుడు ముందుకు పోవాలి. మొదటి రోజు అజయ్ బాబు నిలబడ్డాడు. పిల్లలు మూడు మీంచి బయల్దేరి, అజయ్ చెయ్యి తాకి, మైనస్ రెండు మీద ఆగారు. సరోజ మొహం చూడాలి ఆ రోజు.

రెండో రోజు దీపక్ వంతు. సాయంత్రానికి ప్రమీలారాణి గారికి కబురు తెలిసింది. నా మనవణ్ణి సున్నా చేస్తారా అని వాడికి ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి, తలస్నానం చేయించి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాశారు. అంతే. మా బాబు జాతకానికి పడదు, మా పాప సున్నితం, మేం పిల్లల్ని సున్నాలు కావటానికి పంపలేదు అని రాత్రికల్లా గ్రూపు నిండిపోయింది. ఆ గ్రూపులో ఫీజు కట్టేవాళ్ళే ఉంటారు. చిన్నయ్య అందులో లేడు. కాబట్టి అభ్యంతరం లేని తండ్రి ఆయనొక్కడే తేలాడు.

ఆ విధంగా రూబీ మా బడికి శాశ్వత సున్నా అయింది. సరోజ ఎంత మొత్తుకున్నా, "ఆ పిల్లే నిలబడనివ్వండి, లేకపోతే గీత చెరిపించేస్తా" అన్నారు కరస్పాండెంటు గారు. రూబీ లెక్కల పీరియడంతా నడిమధ్య నిలబడేది. అటు వెళ్ళేవాళ్ళు, ఇటు వచ్చేవాళ్ళు చెయ్యి తాకి పోయేవాళ్ళు. కొందరు తాకేవాళ్ళు, కొందరు కొట్టేవాళ్ళు. వారం తిరక్కుండా దాని పేరే సున్నా అయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర, సాయంత్రం స్టేషన్లో, ఎక్కడ కనపడినా "ఒసే సున్నా" అని పిలిచేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. తెలుగు పీరియడ్లో ఆ మాట అన్నవాడి చేత సుమతీ పద్యాలన్నీ అప్పచెప్పించాను. వాడికి పద్యాల మీద కోపం పెరిగిందే గానీ పిలుపు మానలేదు.

ఒక శుక్రవారం చిన్నయ్య కోత పని మానుకుని వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, చేతిలో టవల్. వరండాలో రూబీ నడిమధ్య నిలబడి ఉంది. కరస్పాండెంటు గారు ప్లస్ పది మీదికి బయటికొచ్చారు.

"వందనాలండి. మా పిల్లని సున్నా అంటన్నారంటండి" అన్నాడు చిన్నయ్య.

"అది పాఠంలో భాగమయ్యా. లెక్కల్లో సున్నా అంటే చాలా గొప్ప చోటు. అది లేకపోతే ఏదీ లేదు."

"గొప్ప చోటేనాండి?"

"మరి."

"అంత గొప్ప చోటైతే మీ మనవడిగారు నిలబడట్లేదేంటండి?"

కరస్పాండెంటు గారు వాచీ చూసుకున్నారు. చిన్నయ్య గొంతు పెంచలేదు. టవల్ భుజాన వేసుకుని, "సోమారం దాకా చూస్తానండి. అప్పుడు కూడా మా పిల్లొక్కతే ఆడ నిలబడుంటే టీసీ ఇప్పించండి. మా ఊళ్ళో బడి లేకపోలేదు" అని వెళ్ళిపోయాడు.

నేను రూబీ దగ్గరికి వెళ్ళాను. అది ఏడవలేదు. "బాపట్ల పోటీకి నన్ను పంపరాండి?" అని అడిగింది. "పంపితే గెలుస్తానండి. నాకు అన్నీ ఇక్కణ్ణించి కనపడతన్నాయండి."

ఆ మాట విన్నాక ఇంటికి పోయి అన్నం తినబుద్ధి కాలేదు. శివరామయ్య గారు సాయంత్రాలు స్టేషన్ రోడ్డు కాఫీ హోటల్లో దొరుకుతారు. వెళ్ళి ఎదురుగా కూచున్నాను. ఆయన్ని ఒప్పించాలంటే వాదించకూడదు, సందేహం అడగాలి. ఆ సంగతి నాకు అనుభవం మీద తెలుసు.

"ఒక విచిత్రం జరుగుతోందండి" అన్నాను. "ఆ భట్టిప్రోలు పిల్ల బ్రహ్మస్థానంలో నిలబడటం మొదలెట్టిన దగ్గర్నుంచి లెక్కల్లో ప్రతి పరీక్షకీ దానివే మొదటి మార్కులు. మీకేమన్నా తోస్తోందా?"

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకి తోచింది మాత్రం ఆయన సొంతం. కాఫీ కప్పు కింద పెట్టి, కళ్ళు మూసుకుని, "అనుకున్నాను. నిలబడ్డ మనిషిలోకి స్థానబలం ఎక్కుతోంది. నిక్షేపం లాంటి చోటుని ఎవరికో వదిలేశారు" అన్నారు. కాఫీ డబ్బులు నేనే ఇచ్చాను. ఆ మాటకి అదేమంత ఎక్కువ కాదు.

ఆదివారం పొద్దునకల్లా ప్రమీలారాణి గారి మెసేజి గ్రూపులో ఉంది. బ్రహ్మస్థానంలో నిలబడిన పిల్లలకి విద్యాయోగమట, శివరామయ్య గారు స్వయంగా చెప్పారట. జాతకానికి పడదన్న తల్లే మా బాబుకి ముందు అవకాశం ఇవ్వండని రాసింది. సున్నితమైన పాప తండ్రి రోజూ రెండు పీరియడ్లు కావాలన్నాడు. ఎవరి పిల్లని ముందు సున్నా చెయ్యాలన్న దాని మీద ఇద్దరు తండ్రులు గ్రూపులోనే మాటా మాటా అనుకున్నారు. చివరికి కరస్పాండెంటు గారు తీర్పిచ్చారు. మనకి సామూహిక వ్రతాలున్నాయి, సామూహిక అక్షరాభ్యాసాలున్నాయి. ఇది సామూహిక సున్నా. ఫీజు కట్టినవాళ్ళంతా కలిసే నిలబడొచ్చు.

సోమవారం చిన్నయ్య టీసీకి సిద్ధపడి వచ్చేసరికి వరండాలో తిరనాళ్ళలా ఉంది. ఒక్క బండమీద తరగతి తరగతంతా తోసుకుంటోంది. దీపక్ అందరి నడుమ ఇరుక్కుని కళ్ళు మూసుకుని విద్యాయోగం కోసం చూస్తున్నాడు. అజయ్ బాబు ఒంటికాలి మీద ఉన్నాడు. రెండో కాలికి చోటు లేదు.

"మా పిల్లేదండి?" అన్నాడు చిన్నయ్య కంగారుగా.

సరోజ చెయ్యి చూపించింది. అటు ప్లస్ పది నుంచి ఇటు మైనస్ పది దాకా వరండా అంతా ఖాళీ. మైనస్సుల వైపు చివర్నుంచి రూబీ ఒక్కతే లెక్కపెట్టుకుంటూ నడిచి వస్తోంది. గుంపు దగ్గరికొచ్చి, అందిన చెయ్యి ఒకటి తాకి, పక్కనుంచి తప్పుకుని ప్లస్సుల వైపు వెళ్ళింది.

"వాళ్ళంతా అక్కడే ఉంటారంట అన్నయ్యా. మిగతా గీతంతా మీ పిల్లదే" అంది సరోజ.

చిన్నయ్య చాలాసేపు చూశాడు. టీసీ మాట ఎత్తలేదు. "మంచిదమ్మా" అని, టవల్‌తో మొహం తుడుచుకుని, బండి టైమైందని వెళ్ళిపోయాడు.

ఇక బాపట్ల. పోటీ గురువారం నాడు పడింది. ఆ రోజు పుష్యమీ నక్షత్రం. గురువారం నాడు పుష్యమి వస్తే ఆ యోగంలో ఒక గంట నిలబడటం ఏడాది చదివినంత అని శివరామయ్య గారు సెలవిచ్చారు. అలాంటి రోజున మనవణ్ణి బ్రహ్మస్థానం వదిలించి, రైలెక్కించి, ఏ దిక్కున కట్టారో తెలియని హాల్లో కూచోబెడతారా? ప్రమీలారాణి గారు ససేమిరా అన్నారు. "బాపట్ల వచ్చే ఏడు కూడా ఉంటుంది, యోగం ఉండదు" అన్నారు. బడి పేరు ఖాళీగా పోతే బాగుండదని కరస్పాండెంటు గారు విసుక్కుంటూ ఫారం మీద సంతకం పెట్టి, "ఎవరో ఒకర్ని తీసుకెళ్ళమ్మా" అన్నారు. సరోజ ఆ ఎవరో ఒకర్ని తీసుకెళ్ళింది.

నేను వెళ్ళలేదు. సరోజ వచ్చి చెప్పింది. రాతపరీక్ష అయ్యాక మిగిలిన కొద్దిమందిని స్టేజీ మీదికి పిలిచి నోటి లెక్కలు అడిగారట. మైనస్ నాలుగు నుంచి ప్లస్ మూడు దాకా ఎంత దూరమని అడిగితే ఒకడు ఒకటన్నాడు, ఒకమ్మాయి ఆరంది. రూబీ ఏడంది. ఎలా చెప్పావని లెక్కలడిగిన ట్రస్టు పెద్దాయన అడిగాడట.

"నాలుగడుగులేస్తే నా దగ్గరికొస్తారండి. అక్కణ్ణించి ఇంకో మూడండి" అందట రూబీ.

"నీ దగ్గరికంటే?"

"సున్నా అండి" అందట. అని, ఇంత మామూలు సంగతి పెద్దాయనకి తెలియనందుకు ఆశ్చర్యంగా చూసిందట. అది చెబుతూ సరోజ ఏడ్చేసింది. నేను తెలుగు మాస్టారిని, ఎన్నో పద్యాలు కంఠతా వచ్చినవాణ్ణి. ఆ పిల్లన్న "నా దగ్గరికి" అనే ఒక్క ముక్కకి సాటొచ్చేది వాటిలో ఒక్కటీ దొరకలేదు.

ప్రైజు రూబీకే వచ్చింది. పదో తరగతి దాకా దాని చదువుకి ఢోకా లేదు, మళ్ళీ ఎవరి ఫ్లెక్సీలోనూ తపాలాబిళ్ళ కానక్కర్లేదు. కానీ ఈసారికి తప్పలేదు. రెండు రోజుల్లో గేటుకి కొత్త ఫ్లెక్సీ లేచింది. బ్రహ్మస్థాన బలంతో బాపట్లలో మన విజయం అని పైన బంగారు అక్షరాలు. కింద బసవేశ్వరరావు గారు చేతులు జోడించి నిలువెత్తున ఉన్నారు. ఆయన పక్కన దిక్సూచితో శివరామయ్య గారు. ఆ పక్కన భావి విజేత అని దీపక్. సరోజ ఫోటో లేదు, చోటు నిండుకుందట. అట్టడుగున, మూలగా, ఎప్పటి పాత ఫోటోనో రూబీది.

సాయంత్రం చిన్నయ్య కూతుర్ని తీసుకెళ్ళటానికి వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఫ్లెక్సీ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. మూల దాకా వచ్చేసరికి కొంచెం సేపు పట్టింది. నేను పక్కనే ఉన్నాను.

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఫ్లెక్సీకి ఎదురుగా పట్టుకున్నాడు. తెరమీద అందరూ వచ్చారు. రెండు వేళ్ళు పెట్టి సాగదీశాడు. శివరామయ్య గారు పక్కకి పోయారు. ఇంకాస్త సాగదీశాడు. దీపక్ పోయాడు. కరస్పాండెంటు గారి తలపోయి, జోడించిన చేతులు పోయి, మోకాళ్ళు కూడా పోయేదాకా ఓపిగ్గా లాగి, తెర నిండా రూబీ ఒక్కతే మిగిలాక నొక్కాడు.